ట్రాక్ సైకిల్ ఫ్రేము: టైరు సందు, భాగాల పొందిక

వెలోడ్రోమ్ (వాలు వంపులున్న సైకిల్ ట్రాక్) పందేలకు వాడే సైకిల్ ఫ్రేములో, తిరిగే టైరుకూ దాని చుట్టూ ఉన్న గొట్టాలకూ మధ్య మిగిలే ఖాళీని టైరు సందు అంటారు. హబ్బు, బాటమ్ బ్రాకెట్, క్రాంకు, చైన్‌రింగు, హెడ్‌సెట్టు, సీటు పోస్టు ఆ ఫ్రేములో ఏ కొలతకు కూర్చోవాలో, ఒకదానికొకటి తగలకుండా ఎలా అమరాలో చెప్పేది భాగాల పొందిక. వీటిని విడివిడిగా కొలుస్తారు గానీ విడివిడిగా నిర్ణయించడం కుదరదు. టైరు వెడల్పు పెంచితే గొట్టం సన్నబడాలి, చైన్‌రింగు పెద్దదైతే గొట్టం లోపలికి జరగాలి. ఊళ్ళలో తిరిగే నల్ల సైకిల్‌లో టైరుకూ ఫోర్కుకూ మధ్య వేలు దూరుతుంది. ట్రాక్ ఫ్రేములో చాలాచోట్ల పెన్సిల్ కూడా దూరదు.

పదాలు, కొలిచే చోట్లు

సందు రెండు దిక్కుల్లో ఉంటుంది. టైరు పక్కగోడకూ గొట్టానికీ మధ్య ఉండేది పక్క సందు. టైరు నడినెత్తికీ ఫోర్కు కిరీటానికీ, లేదా వెనక వంతెన గొట్టానికీ మధ్య ఉండేది పై సందు. పెడల్ ఇరుసు నుంచి వెనక ఇరుసుకు పోయే జంట గొట్టాలు చైన్‌స్టేలు. సీటు కింది నుంచి వెనక ఇరుసుకు దిగేవి సీట్‌స్టేలు. వెనక ఇరుసు కూర్చునే గాడి ట్రాక్ ఫ్రేములో వెనక్కి తెరుచుకుని ఉంటుంది. దాన్ని ట్రాక్ ఎండ్ అంటారు.

ఇరుకు ఎక్కువగా ఉండేవి నాలుగు చోట్లు: ఫోర్కు కిరీటం కింద, చైన్‌స్టేలు పెడల్ ఇరుసు దగ్గర కలిసేచోట, సీట్‌స్టేల వంతెన కింద, సీటు గొట్టం వెనక వైపు. చక్రాన్ని ముందుకు లాక్కోవడానికి కొన్ని ఫ్రేముల్లో సీటు గొట్టం వెనక భాగాన్ని టైరు వంపుకు తగ్గట్టు లోపలికి చెక్కుతారు. వీటికి తోడు చూడాల్సింది బూటు మొనకూ ముందు చక్రానికీ మధ్య ఎడం. ట్రాక్ ఫ్రేముల్లో బూటు మొన చక్రానికి తగలడం సాధారణం. వెలోడ్రోమ్‌లో హ్యాండిల్ పూర్తిగా తిప్పే అవసరం ఉండదు కనుక దాన్ని లోపంగా లెక్కించరు.

చరిత్ర

ట్రాక్ పందేలు 1896 ఏథెన్స్ ఒలింపిక్స్ నుంచే ఉన్నాయి. గేర్లు మార్చే యంత్రాంగం రాకముందు సైకిళ్ళన్నీ ఒకే పళ్ళచక్రంతో నడిచేవి. ట్రాక్ సైకిల్ ఆ తొలి రూపాన్నే నిలుపుకుని, మిగతాదంతా సన్నగా చెక్కుకుంటూ వచ్చింది. బ్రేకులు లేవు, ఫ్రీవీల్ (తొక్కడం ఆపినా చక్రాన్ని తిరగనిచ్చేది) లేదు, మడ్‌గార్డు లేదు. బ్రేకు కాలిపర్ పట్టే స్థలం అక్కర్లేదు కాబట్టి ఫోర్కు కిరీటం టైరు మీదికి దిగింది. ఎడ్డీ మెర్క్స్ 1972 అక్టోబరు 25న మెక్సికో సిటీలో గంటలో 49.431 కి.మీ. తొక్కిన సైకిల్ ఈ పాత పద్ధతికి పరాకాష్ఠ: సన్నని ఉక్కు గొట్టాలు, సన్నని టైర్లు, అతి తక్కువ సందు. జపాన్‌లో 1948లో కొకురాలో మొదలైన కేరిన్‌లో, పురుషుల పందేల్లో నేటికీ ఉక్కు ఫ్రేములే, ముందే ఆమోదించిన భాగాలతోనే నడుస్తాయి. భాగాల పొందికలో అచ్చమైన క్రమశిక్షణ చూడాలంటే అక్కడే చూడాలి.

1984లో ఫ్రాన్సెస్కో మోజర్ గంట రికార్డును డిస్క్ చక్రాలతో బద్దలుకొట్టాక గాలి నిరోధమే ప్రధాన లెక్క అయింది. 1992 బార్సిలోనాలో క్రిస్ బోర్డ్‌మన్ 4000 మీటర్ల పర్స్యూట్ స్వర్ణం గెలిచిన లోటస్ సైకిల్‌కు ఫోర్కు ఒకే కాలు. చక్రానికి ఒక పక్క కొలవడానికి సందే లేదు. మరుసటి ఏడాది జులై 17న హమార్‌లో గంటలో 51.596 కి.మీ. తొక్కిన గ్రేమ్ ఒబ్రీ, పెడళ్ళ మధ్య ఎడాన్ని బాగా తగ్గించాడు. అలా దగ్గరైన మోకాళ్ళు పై గొట్టానికి తగులుతాయని ఆ గొట్టాన్నే తీసేశాడు. భాగాల పొందిక ఫ్రేము రూపాన్నే మార్చేస్తుందనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య (యూసీఐ) 1996లో లుగానో పత్రంతో, 2000 నుంచి అమలైన నియమాలతో ఫ్రేమును మళ్ళీ రెండు త్రిభుజాల రూపానికి కట్టడి చేసింది.

2019లో బ్రిటన్ జట్టు బయటపెట్టిన హోప్–లోటస్ సైకిల్ ఈ కథను తలకిందులు చేసింది. అందులో ఫోర్కు కాళ్ళు, సీట్‌స్టేలు చక్రానికి అంటిపెట్టుకుని ఉండవు. దూరంగా జరిగి, తొక్కేవారి కాళ్ళ వరుసలో నిలుస్తాయి. సందు ఎంత తక్కువైతే అంత వేగం అన్న శతాబ్దపు నమ్మకం అక్కడ ఆగింది. చక్రానికి మరీ దగ్గరగా ఉన్న గొట్టం గాలిని ఇరుకులోకి లాగుతుంది. దూరంగా ఉన్న గొట్టం కాళ్ళకు తగిలే గాలిని ముందే చీలుస్తుంది. 

భారతదేశంలో 1982 ఆసియా క్రీడలకు ఢిల్లీలో యమునా వెలోడ్రోమ్, 2010 కామన్వెల్త్ క్రీడలకు అక్కడే 250 మీటర్ల చెక్క ఇండోర్ ట్రాక్ వచ్చాయి. తెలుగు నేలపై 2002 డిసెంబరు జాతీయ క్రీడల కోసం హైదరాబాద్ ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఆరుబయలు వెలోడ్రోమ్ కట్టారు. తెలంగాణలోని బోధన్, నిజామాబాద్ వైపు నుంచి ట్రాక్ సైకిల్ ఎక్కాలనుకునే పిల్లలకు గమ్యం అదే.

42 మి.మీ.ల వాటా

ట్రాక్ ఫ్రేములో టైరు సందునూ భాగాల పొందికనూ ముడివేసేది చైన్‌లైన్. ఫ్రేము నడిగీత నుంచి చైను తిరిగే గీత దాకా ఉండే దూరం ఇది. ట్రాక్ సైకిళ్ళలో దీని ప్రామాణిక కొలత 42 మి.మీ. ముందు చైన్‌రింగూ వెనక పళ్ళచక్రమూ ఈ దూరంలోనే ఒకే వరుసలో నిలబడాలి. పక్కకు వంగిన చైను శబ్దం చేస్తుంది, త్వరగా అరుగుతుంది. ఫ్రీవీల్ లేని ఈ స్థిర గేరులో చైను జారితే వెనక చక్రం బిగుసుకుపోవచ్చు.

ఈ 42 మి.మీ.లోనే సగం టైరు, పక్క సందు, చైన్‌స్టే గొట్టం, గొట్టానికీ చైన్‌రింగుకూ మధ్య ఖాళీ, అన్నీ ఇమడాలి. 23 మి.మీ. టైరు తీసుకుంటే నడిగీత నుంచి దాని అంచు 11.5 మి.మీ. దూరంలో ఉంటుంది. 4 మి.మీ. సందు కలిపితే 15.5. అటువైపు చైన్‌రింగు లోపలి ముఖం సుమారు 40 దగ్గర ఉంటుంది. గొట్టం కొద్దిగా వంగినా రాసుకోకుండా 3 మి.మీ. వదిలితే 37. మధ్యలో చైన్‌స్టేకు మిగిలింది 21.5 మి.మీ. అదే 28 మి.మీ. టైరు వేస్తే గొట్టానికి 19 మి.మీ. మాత్రమే మిగులుతుంది. స్ప్రింటర్ బలమంతా పెడల్ నుంచి వెనక చక్రానికి చేరే దారిలో ఉన్నది ఈ గొట్టమే. దాన్ని సన్నబరిస్తే ఫ్రేము మెలికపడుతుంది, సొట్టవేస్తే చోటు దొరుకుతుంది గానీ బిగువు తగ్గుతుంది. వెడల్పు టైరు పట్టే ట్రాక్ ఫ్రేము అరుదుగా ఉండడానికి కారణం తయారీదారుల పట్టుదల కాదు, ఈ కూడిక తీసివేతలే.

చైన్‌రింగులు పెద్దవి కావడంతో లెక్క మరింత బిగిసింది. చైను లంకెకు 12.7 మి.మీ. చొప్పున 48 పళ్ళ చైన్‌రింగు వ్యాసం సుమారు 194 మి.మీ. 60 పళ్ళదైతే సుమారు 243. అంటే దాని అంచు పెడల్ ఇరుసు నుంచి మరో 24 మి.మీ. వెనక్కి, చైన్‌స్టే పక్కకు వెడల్పయ్యే చోటికి పోతుంది. పాత ఉక్కు ఫ్రేము 48, 49 పళ్ళతో హాయిగా తిరిగినా 55 దాటితే గొట్టాన్ని గీకవచ్చు. కొత్త ఫ్రేము కొనేవారు టైరు వెడల్పుతో పాటు ఎన్ని పళ్ళ చైన్‌రింగు పడుతుందో కూడా అడిగి తెలుసుకోవాలి.

గేరు మారితే చక్రం జరుగుతుంది

రోడ్డు సైకిల్‌లో వెనక చక్రం ఎప్పుడూ ఒకేచోట కూర్చుంటుంది. ట్రాక్ సైకిల్‌లో చైను బిగువు కోసం ఇరుసును గాడిలో ముందుకో వెనక్కో జరుపుతారు. కనుక ఒకే ఫ్రేము, ఒకే టైరు అయినా, వేసిన గేరును బట్టి సందు మారుతుంది.

ముందో వెనకో ఒక పన్ను పెంచితే చైను చుట్టుకునే పొడవు సగం లంకె పెరుగుతుంది. చైను పై వరుస, కింది వరుస రెండూ దాన్ని పంచుకుంటాయి కాబట్టి ఇరుసు పావు లంకె, అంటే దాదాపు 3.2 మి.మీ. ముందుకు జరగాలి. రెండు లంకెలు (ఒక లోపలిది, ఒక బయటిది) తీసేస్తే ఇరుసు 12.7 మి.మీ. ముందుకు వస్తుంది. కలిపితే అంతే వెనక్కి పోతుంది. అంటే నాలుగు పళ్ళ తేడా ఒక జత లంకెలకు సమానం. గాడిలో కనీసం ఈ 12.7 మి.మీ. మేర జరిగే వీలుంటే ఏ గేరుకైనా చైను సర్దుకోవచ్చు.

49×14 గేరు నుంచి 50×13కి మారితే ఒక పన్ను పెరిగి ఒక పన్ను తగ్గుతుంది. ఇరుసు దాదాపు కదలదు, నిష్పత్తి మాత్రం 3.50 నుంచి 3.85కు ఎక్కుతుంది. అదే 49×14 నుంచి 51×14కు వెళ్తే చక్రం 6.4 మి.మీ. ముందుకు వచ్చి టైరు సీటు గొట్టానికి దగ్గరవుతుంది. చైన్‌స్టేలు ముందుకు వచ్చేకొద్దీ ఒకదానికొకటి చేరువవుతాయి కాబట్టి పక్క సందూ తగ్గుతుంది. అందువల్ల ట్రాక్ ఫ్రేములో సందు కొలిచేటప్పుడు ఇరుసును గాడిలో అన్నిటికంటే ముందు ఉంచి కొలవాలి. వెనక ఉంచి కొలిచి సరిపోయిందనుకుంటే, పందెం రోజు గేరు మార్చినప్పుడు టైరు గొట్టాన్ని రాసుకుంటుంది.

వంపు మీద

250 మీటర్ల ట్రాక్ వంపులు 40 డిగ్రీలు దాటి నిలువుగా లేస్తాయి. 22 మీటర్ల వ్యాసార్ధం గల వంపులో గంటకు 70 కి.మీ. వేగంతో పోయేవారిపై పడే మొత్తం బలం వారి బరువుకు దాదాపు రెండింతలు. టైరు అణుగుతుంది, చక్రం కొంత వంగుతుంది, ఫ్రేము వెనక భాగం కొంత మెలిపడుతుంది. స్టాండు మీద తిప్పినప్పుడు రాసుకోని చక్రం వంపులో రాసుకోవడానికి కారణం ఇదే. అంటించే ట్యూబులర్ టైరు వంకరగా అంటుకుంటే ప్రతి చుట్టుకూ అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊగు ఎంత ఉంటే సందు అంత పోయినట్టే. నడుమ ఉబ్బిన డిస్క్ చక్రాలకు టైరు దగ్గర సందు సరిపోయినా, పళ్ళెం పొట్ట స్టేలకు తగలవచ్చు.

నెమ్మదిగా పోయేటప్పుడు వచ్చే చిక్కు మరొకటి. ట్రాక్‌పై అపసవ్య దిశలో తిరుగుతారు కాబట్టి ఎత్తు ఎప్పుడూ కుడి పక్కనే ఉంటుంది. వేగం తగ్గితే సైకిల్ నిటారుగా నిలబడి కుడి పెడల్ ట్రాక్‌కు తగులుతుంది, మనిషి పడిపోతాడు. అందుకే ట్రాక్ ఫ్రేములో పెడల్ ఇరుసును రోడ్డు ఫ్రేములో కంటే పైన పెడతారు, క్రాంకులు పొట్టివి వాడతారు. 165 మి.మీ. క్రాంకు చాలాకాలంగా వాడుకలో ఉన్న కొలత. చక్రం ఇరుసు కంటే పెడల్ ఇరుసు 55 మి.మీ. కిందున్న ట్రాక్ సైకిల్‌లో 165 క్రాంకుతో పెడల్ నేలకు సుమారు 114 మి.మీ. ఎత్తున ఉంటుంది. 70 మి.మీ. కిందున్న రోడ్డు సైకిల్‌లో 172.5 క్రాంకుతో ఆ ఎత్తు 92కి పడిపోతుంది. రోడ్డు ఫ్రేముకు ట్రాక్ చక్రాలు వేసి వెలోడ్రోమ్‌కు తీసుకెళ్ళకూడదనడానికి ఈ ఒక్క తేడా చాలు.

హబ్బులు, మరలు, కప్పులు

ట్రాక్ ఫ్రేము వెనక గాడుల మధ్య 120 మి.మీ., ముందు 100 మి.మీ. ఎడం ఉంటుంది. పాత ఫ్రేముల్లో వెనక 110 కూడా కనిపిస్తుంది. చాలాకాలం రోడ్డు సైకిళ్ళ వెనక ఎడం 130 మి.మీ., నేటి డిస్క్ బ్రేకు సైకిళ్ళది 142. ఉక్కు ఫ్రేమును జాగ్రత్తగా కొద్దిగా వెడల్పు చేయవచ్చు. అల్యూమినియం, కార్బన్ ఫ్రేముల్లో ఆ ప్రయత్నం చేస్తే పగుళ్ళు వస్తాయి. ఇరుసు వెనక 10 మి.మీ., ముందు 9 మి.మీ. రెంటికీ 15 సైజు పానాతో బిగించే నట్లే ఉంటాయి.

పళ్ళచక్రం హబ్బుపై 1.37 అంగుళాల వ్యాసం, అంగుళానికి 24 మరలతో కుడివైపు బిగుస్తుంది. దాని మీద లాక్‌రింగు 1.29 అంగుళాల మెట్టుపై ఎడమవైపు మరలతో బిగుస్తుంది. కాలితో వెనక్కి అదిమి వేగం తగ్గించినప్పుడు పళ్ళచక్రం విప్పుకోబోతుంది. లాక్‌రింగు దానికి ఎదురు తిరిగి పట్టి ఉంచుతుంది. మన సైకిల్ షాపుల్లో దొరికే ఫ్రీవీల్ హబ్బు మర కూడా 1.37 అంగుళాలే. అందువల్ల స్థిర పళ్ళచక్రం దాని మీద చక్కగా ఎక్కుతుంది. కానీ ఆ హబ్బుకు ఎడమ మరల మెట్టు లేదు, లాక్‌రింగుకు చోటు లేదు. బ్రేకు లేని సైకిల్‌లో ఇలా అమర్చడం ప్రాణాంతకం. మర కలిసింది కదా అని పొందిక కుదిరినట్టు కాదు.

బాటమ్ బ్రాకెట్ గొట్టం ఇంగ్లీషు పద్ధతిలో 68 మి.మీ. వెడల్పు, కుడి కప్పుకు ఎడమ మర. ఇటాలియన్ పద్ధతిలో 70 మి.మీ., రెండు కప్పులకూ కుడి మరే. ట్రాక్ క్రాంకులకు చైన్‌రింగు బోల్టుల వలయం సంప్రదాయంగా 144 మి.మీ. రోడ్డు సైకిళ్ళ 130, 110 వలయాల చైన్‌రింగులు వీటికి పట్టవు. ఇరుసు పొడవు క్రాంకు మోడల్‌ను బట్టి మారుతుంది. ఒకటి రెండు మి.మీ. తేడా వచ్చినా పైన చెప్పిన 42 మి.మీ. గీత తప్పుతుంది. చైను 1/8 అంగుళం, 3/32 అంగుళం వెడల్పుల్లో వస్తుంది. సన్నని చైను మందపు పళ్ళపై కూర్చోదు. పాత 1 అంగుళం హెడ్‌సెట్టుల్లో ఫోర్కు కింది వలయం జపాన్ పద్ధతిలో 27.0, ఐరోపా పద్ధతిలో 26.4 మి.మీ. సీటు పోస్టు సాధారణంగా 27.2.

నియమాలు

సైకిళ్ళ భద్రతకు సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 4210 రేసింగ్ సైకిళ్ళకు టైరు చుట్టూ కనీసం 4 మి.మీ., మిగతా పెద్దల సైకిళ్ళకు 6 మి.మీ. ఖాళీ ఉండాలంటుంది. యూసీఐ నియమాలు సందును నేరుగా చెప్పవు, దాని చుట్టూ ఉన్న కొలతలకు హద్దులు పెడతాయి: టైరుతో కలిపి చక్రం వ్యాసం 55 నుంచి 70 సెం.మీ., పెడల్ ఇరుసు నేలకు 24 నుంచి 30 సెం.మీ., సైకిల్ బరువు 6.8 కిలోలకు తగ్గకూడదు. బ్రిటన్‌లో స్థిర గేరు సైకిల్‌తో రోడ్డెక్కాలంటే ముందు బ్రేకు తప్పనిసరి. బ్రేకుకు చోటు వదలని ట్రాక్ ఫోర్కుకు దాన్ని బిగించడం కష్టం.

బోధన్ నేల, నల్ల సైకిల్

సందు ఎందుకు ఉండాలో బోధన్ చుట్టుపక్కల నల్లరేగడి చెబుతుంది. 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీళ్ళు, 1937లో శక్కర్‌నగర్‌లో పెట్టిన నిజాం చక్కెర కర్మాగారం ఈ ప్రాంతాన్ని చెరకు సీమగా మలిచాయి. 2015 చివర్లో కర్మాగారం మూతపడినా మన్ను మారలేదు. వానకు తడిసిన రేగడి టైరుకు పొరలుపొరలుగా చుట్టుకుని, మడ్‌గార్డులో కూరుకుని చక్రాన్ని ఆపేస్తుంది. సైకిల్ ఆపి పుల్లతో గోకి తీయాలి. లూధియానా, సోనీపట్, మద్రాసు కర్మాగారాల నుంచి హీరో, అట్లాస్, హెర్క్యులిస్ పేర్లతో వచ్చిన రోడ్‌స్టర్ సైకిళ్ళలో టైరు చుట్టూ అంత ఖాళీ ఉండేది ఇందుకే.

రోడ్‌స్టర్ 28×1½ టైరు కూర్చునే రిమ్ము వ్యాసం 635 మి.మీ., టైరు 40. చక్రం మొత్తం సుమారు 715 మి.మీ. ట్రాక్ సైకిల్ రిమ్ము 622, టైరు 23 అయితే మొత్తం 668. అంటే రోడ్‌స్టర్ చక్రం ట్రాక్ ఫ్రేములో ఎక్కడా పట్టదు. పట్టినా యూసీఐ 70 సెం.మీ. హద్దును దాటిపోతుంది. అయినా ఈ రెంటికీ ఒక చుట్టరికం ఉంది. ఒకే గేరుతో నడిచే రోడ్‌స్టర్‌లోనూ వెనక గాడి వెనక్కే తెరుచుకుంటుంది. చైను వదులైతే చక్రాన్ని వెనక్కి లాగి, అడ్జస్టర్ తిప్పి బిగించడం ఊరి మెకానిక్‌కు వెన్నతో పెట్టిన విద్య. ట్రాక్ సైకిల్ చైను బిగించే పని అతనికి కొత్తగా నేర్పనక్కర్లేదు. కొత్తగా నేర్పాల్సింది ఎడమ మరల లాక్‌రింగు గురించే.

కొలిచే పద్ధతి

టైరు మీద ముద్రించిన వెడల్పును నమ్మకూడదు. వెడల్పు రిమ్ముపై 23 టైరు 25 దాకా ఉబ్బవచ్చు. పందెంలో వాడే చక్రాన్నే, వాడే గాలితో నింపి, ఒక రోజు ఆగాక కొలవాలి. చక్రం బెండు ముందే తీసి ఉంచాలి. ఇరుసును గాడిలో ముందుకు తోసి నట్లు బిగించి, 4 మి.మీ. అలెన్ కీని కొలబద్దగా పట్టుకుని ఇరుకైన నాలుగు చోట్లా దూర్చి చూడాలి. చక్రాన్ని నెమ్మదిగా ఒక చుట్టు తిప్పేదాకా కీ తగలకుండా ఉండాలి. తర్వాత ఫ్రేమును పట్టి, రిమ్మును చేత్తో గట్టిగా పక్కకు వంచి మళ్ళీ చూడాలి. చివరగా చైన్‌రింగుకూ చైన్‌స్టేకూ మధ్య, క్రాంకు మొనకూ చైన్‌స్టేకూ మధ్య 3 మి.మీ. కీ దూరాలి. ఎక్కడైనా పెయింటు మెరుపు తగ్గి సన్నని గీత కనిపిస్తే, కీ దూరినా సరే, అక్కడ చక్రం ఇదివరకే రాసుకుందని అర్థం.